ముప్పై ఏళ్లు అటక మీదున్న వాల్వు రేడియోని ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

మీరడిగింది ఇదీ: తాతగారి వాల్వు రేడియో ముప్పై ఏళ్లుగా అటక మీద ఉంది. మీకు సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది. ఇంట్లోనే బాగుచేసుకోగలరా, వాల్వులు పోయుంటే దొరుకుతాయా, ముందు ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది కదా అని.

బాగుచేసుకోగలరు. ఇందులో కష్టమైన పని తక్కువ, ఓపిక పట్టే పని ఎక్కువ. వాల్వుల గురించి మీరు పడుతున్న భయం కూడా చాలావరకు అనవసరం. నా చేతిలోకి వచ్చిన సెట్లలో వాల్వు పోయినవి తక్కువే. చచ్చేవి కండెన్సర్లు. ఇక ఆ మూడో మాట దగ్గర మాత్రం ఆగండి. ప్లగ్గు పెట్టి చూడొద్దు. ముప్పై ఏళ్లు భద్రంగా ఉన్న రేడియో పాడయ్యేది సరిగ్గా ఆ "ఒక్కసారి చూద్దాం" అన్న పది నిమిషాల్లోనే.

నా మొదటి రేడియోని అలా నేనే చంపుకున్నాను. స్విచ్ వేశాను. డయల్ వెలిగింది, అర నిమిషానికి వాల్వులు ఎర్రబడ్డాయి, గొంతు బొంగురుగా ఉన్నా ఏదో స్టేషన్ పలికింది కూడా. సంబరపడిపోయి ఇంట్లో అందరినీ పిలుచుకొచ్చాను. వాళ్లు వచ్చేసరికి పాట లేదు, గది నిండా కాలిన లక్క వాసన ఉంది. పాటని స్పీకర్‌కి అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది. అది మాడటానికి కారణం వేలి కణుపంత మైనపు కండెన్సర్ ఒక్కటి.

ఆ కండెన్సర్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ రేడియోలోనూ అది ఉంటుంది. సౌండు పెంచే మొదటి వాల్వు ప్లేటు (పాట బయటికొచ్చే కాలు) నుంచి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (పాట లోపలికెళ్లే కాలు) పాటని దాటించే కండెన్సర్ అది. సాధారణంగా 0.01 మైక్రోఫారాడ్ దరిదాపుల్లో ఉంటుంది. ఒకవైపు 80, 90 వోల్టుల డీసీ, రెండోవైపు సున్నా. దాని పని పాటని మాత్రం పోనిచ్చి డీసీని ఆపడం. లోపలున్నది కాగితం, పైన మైనం. ఏళ్ల తరబడి చెమ్మ పీల్చిన కాగితం డీసీని కొద్దికొద్దిగా కారనిస్తుంది. 20 మెగాఓమ్‌ల లీకేజీ అంటే లెక్కలోకి రానంత చిన్నదిగా అనిపిస్తుంది. కానీ గ్రిడ్ దగ్గరున్న రెసిస్టర్ 680 కిలోఓమ్‌లు అనుకుంటే, ఆ మాత్రం లీకేజీకే గ్రిడ్ మీద 3 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. ఈఎల్84 లాంటి వాల్వు గ్రిడ్, కేథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) కన్నా 7 వోల్టులు తక్కువలో ఉండాలి. అందులో 3 వోల్టులు ఇలా తినేస్తే వాల్వు తన 12 వాట్ల హద్దు దాటి కరెంటు లాగుతుంది. వేడెక్కుతుంది, వేడికి కండెన్సర్ ఇంకా కారుతుంది, కరెంటు ఇంకా పెరుగుతుంది. చివరికి ట్రాన్స్‌ఫార్మర్‌లోని వెంట్రుకంత తీగ తెగుతుంది.

తమాషా ఏమిటంటే, మల్టీమీటర్‌తో కొలిస్తే ఈ కండెన్సర్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. మీటరు పెట్టేది ఒకటి రెండు వోల్టులే కదా, 90 వోల్టుల దగ్గర అది ఏం చేస్తుందో దానికేం తెలుసు. అందుకే నేను కొలవను, మార్చేస్తాను. మిగతా పని ఎప్పుడు చేసుకున్నా ఫర్వాలేదు, ఇదొక్కటి మార్చకుండా ఏ సెట్టుకీ కరెంటు ఇవ్వను.

అన్నిటికన్నా ముందు, మీది ఏ రకం సెట్టో తేల్చుకోండి. ఇది రేడియో ప్రాణాల సంగతి కాదు, మీ ప్రాణాల సంగతి. వాల్వుల మీద నంబర్లు చదవండి. ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84, ఈజెడ్80 ఇలా "ఈ"తో మొదలైతే వాటి హీటర్లు (వాల్వుని లోపల వేడెక్కించే తీగలు) 6.3 వోల్టులవి. లోపల సాధారణంగా బరువైన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దీన్నే ఏసీ సెట్టు అంటాను. "యూ"తో మొదలైతే (యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85) అది ఏసీ/డీసీ సెట్టు. మామూలుగా ఇందులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, హీటర్లన్నీ సీరియల్ బల్బుల దండలా వరసగా ఉంటాయి. పైన చెప్పిన నాలుగూ కలిపితే 19, 19, 50, 38, మొత్తం 126 వోల్టులు. మెయిన్స్‌లో మిగిలిన వోల్టేజీని ఒక లావుపాటి రెసిస్టర్ వేడిగా మార్చి పారేస్తుంది. అమెరికన్ సెట్లలో 12బీఈ6, 50సీ5, 35డబ్ల్యూ4 లాంటి నంబర్లు కనిపిస్తే అదీ ఇదే కుటుంబం. "డీ"తో మొదలైతే (డీకే96, డీఎల్96) అసలు బ్యాటరీ సెట్టు.

ఏసీ/డీసీ సెట్టులో చాసిస్ (భాగాలన్నీ బిగించిన ఇనప రేకు) నేరుగా మెయిన్స్ వైరుకి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఆ ఇనప రేకు మొత్తం ఫేజు. నాబులు ఊడిన కడ్డీ ముట్టుకున్నా షాక్ కొడుతుంది. పాత నాబుల్లో బిగింపు మర మీద మైనం అద్ది ఉండటం చూసి మురికి అనుకుని గీకేసేవాళ్లున్నారు. అది వేలికి ఇనుము తగలకుండా పెట్టిన మైనం, అలాగే ఉంచండి. ఇలాంటి సెట్టు మీద పని చేయాలంటే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసేది) ఉండి తీరాలి. వేరియాక్ (వోల్టేజీని పెంచి తగ్గించేది) ఆ పని చేయదు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. దీని చాసిస్‌కి ఎర్త్ వైరు కూడా కలపకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుకైతే మూడు తీగల వైరు వేసి చాసిస్‌ని ఎర్త్ చేయడం మంచిదే. మీది మొదటి రేడియో, పైగా యూ వాల్వులు అని తేలితే నా సలహా ఒకటే. దాన్ని ఇంకొన్నాళ్లు అటక మీదే ఉంచి ముందు ఏసీ సెట్టు మీద చేయి తిప్పుకోండి.

ఇంకో మాట. బ్యాటరీ సెట్టు కాకపోతే లోపల సాధారణంగా 200 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్ ఆపినా, ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం కాకుండా 10 కిలోఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు క్లిప్పులు తగిలించుకుని దాంతో దింపండి, తర్వాత మీటర్‌తో కొలిచి సున్నా అని చూసుకోండి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల ప్రోబు క్లిప్పుతో చాసిస్‌కి తగిలించేసి ఎడమ చేయి జేబులో పెట్టుకోండి. నవ్వులాటకి చెప్పడం లేదు, నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఇక పని. వెనక అట్ట తీయగానే ముందు ఫొటోలు తీయండి, పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి. ఏ వాల్వు ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి. ఎలకలు కాపురం చేసిన ఆనవాళ్లుంటే మాస్కు తప్పనిసరి. వేడి తగిలే చోట బూడిదరంగు ఆస్బెస్టాస్ అట్ట అతికించి ఉంటే గీకొద్దు, ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. వాల్వుల్ని తడిగుడ్డతో తుడవకండి. నంబరు అచ్చు ఎంత నాజూకంటే, వేలితో గట్టిగా రుద్దినా పోతుంది. నంబరు పోయిన వాల్వు పేరులేని మందు సీసాతో సమానం.

డయల్ అద్దం జోలికి అసలు పోవద్దు. నా రెండో రేడియోకి అద్దం తీసి సబ్బునీళ్లలో ముంచాను. బయటికి తీసేసరికి అద్దం తళతళలాడుతోంది, స్టేషన్ల పేర్లన్నీ నీళ్లలో ఉన్నాయి. ఎరుపూ బంగారు రంగుల్లో పొరలు పొరలుగా తేలుతున్నాయి, ఒక ఊరి పేరులో సగం నా బొటనవేలికే అంటుకుంది. అచ్చు ఉండేది లోపలివైపు. బయటివైపు మాత్రం తుడవండి, అదీ అద్దం బిగించి ఉండగానే.

కరెంటు ఇవ్వకముందే మీటర్‌తో తేలిపోయేవి కొన్ని ఉన్నాయి. తొమ్మిది కాళ్ల వాల్వుల్లో చాలావాటికి 4, 5 కాళ్ల మధ్య హీటర్. కొన్ని ఓమ్‌లు చూపిస్తే హీటర్ బతికే ఉంది. వాల్వు గాజు లోపల పైభాగాన వెండి పూత ఉంటుంది. అది పాలలా తెల్లగా మారిపోయిందంటే లోపలికి గాలి దూరింది, ఆ వాల్వు అయిపోయినట్టే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (వాల్వు వైపు చుట్ట) కొన్ని వందల ఓమ్‌లు ఉండాలి. తీగ తెగి ఉండగా కరెంటు ఇస్తే ప్లేటుకి వెళ్లాల్సిన భారం స్క్రీన్ గ్రిడ్ (అదే వాల్వులోని రెండో గ్రిడ్) మీద పడి అది ఎర్రగా కాలుతుంది, అంటే ఒక నష్టానికి ఇంకో నష్టం తోడు. స్పీకర్ వైర్లు ఊడదీసి కూడా ఎప్పుడూ సెట్టు వేయొద్దు. రబ్బరు తొడుగు వైర్లు వంచితే పెళపెళ విరిగితే వాటినీ మార్చాలి.

మార్చాల్సినవి: మైనపు, తారు పూత కాగితపు కండెన్సర్లన్నీ. వాటి స్థానంలో అదే విలువ, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు. ఖచ్చితంగా అదే అంకె దొరక్కపోతే 0.05కి 0.047 పెట్టండి, 0.02కి 0.022, రేడియో పట్టించుకోదు. తీసినవాటి మైనం చేతికి అంటితే సబ్బుతో కడుక్కోండి, అప్పట్లో అందులో కలిపిన రసాయనాలు అంత మంచివి కావు. మెయిన్స్ వైర్ల మధ్య ఉన్నదానికి మాత్రం మామూలు ఫిల్మ్ కండెన్సర్ పనికిరాదు, దాని కోసమే చేసిన ఎక్స్2 రకం వేయాలి. ఏసీ/డీసీ సెట్టులో ఏరియల్ సాకెట్‌కి, చాసిస్‌కి మధ్య ఉన్నదానికి వై2 రకం. అది షార్ట్ అయితే మీ ఏరియల్ తీగే ఫేజు అవుతుంది.

మైకా, సిరామిక్ కండెన్సర్లని కదిలించకండి. కొత్త ఉత్సాహంలో చాలామంది అన్నీ పీకేస్తారు. ట్యూనింగ్ కాయిల్స్ చుట్టూ ఉన్న మైకా కండెన్సర్లు మారిస్తే డయల్ అంకెలు స్టేషన్లతో కలవవు. రెసిస్టర్లు వయసుతో పెరుగుతాయి. 100 కిలోఓమ్‌లకి పైన ఉన్నవాటిని ఒక కొస విప్పి కొలవండి, 20 శాతం మించి తేడా ఉంటేనే మార్చండి.

ఒకసారికి ఒకటే మార్చండి. ఒకటి తీయడం, కొత్తది పెట్టడం, సర్క్యూట్ కాగితం మీద టిక్కు కొట్టడం. నేనొకసారి సాయంత్రం కూర్చుని పద్నాలుగు కండెన్సర్లు వరసగా కత్తిరించేసి, మర్నాడు కొత్తవి వేశాను. రేడియో కిక్కురుమనలేదు. రెండు వారాలు వెతికితే తేలిందేమిటంటే, ఒకదాని కాలు పక్క ట్యాగ్‌కి కలిపాను. అంతే. ఒక్కొక్కటిగా చేసి ఉంటే ఆ పదిహేను రోజులు మిగిలేవి.

ఇక పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు, చాసిస్ పైన అల్యూమినియం డబ్బాల్లా నిలబడి ఉండేవి. వేరియాక్‌తో వోల్టేజీ నెమ్మదిగా పెంచుతూ పోతే అవి మళ్లీ బతుకుతాయని చెప్పేవాళ్లున్నారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. వాల్వు రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) ఉన్న సెట్టులో హీటర్ తగినంత వేడెక్కేదాకా డీసీయే సరిగా రాదు, ఇక నెమ్మదిగా పెంచేదేమిటి? పైగా ఇవాళ కోలుకున్నట్టు కనిపించిన కండెన్సర్ ఆర్నెల్లకు పేలి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ని వెంట తీసుకుపోతుంది. డబ్బాని అందం కోసం పైన ఉంచి, వైర్లు విప్పేసి, 450 వోల్టుల కొత్తవి కింద వేయండి. పాతదానికి సమాంతరంగా కొత్తది తగిలించడం మాత్రం వద్దు, పాతది కారుతూనే ఉంటుంది. 50 మైక్రోఫారాడ్ ఉన్నచోట 47 పెట్టండి, హమ్మింగ్ తగ్గుతుందని 220 పెట్టకండి. ఈజెడ్80 భరించేది 50 వరకే. అంతకన్నా పెద్దది వేస్తే అది నిండే ప్రతిసారీ రెక్టిఫయర్ వాల్వు మీద దెబ్బ పడుతుంది.

ఇప్పుడు కరెంటు. ఫేజు వైరులో సిరీస్‌గా 60 లేదా 100 వాట్ల బల్బు పెట్టండి. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్ఈడీ ఈ పనికి రాదు. ఏసీ సెట్టులో ముందు వాల్వులన్నీ, డయల్ బల్బులూ తీసేసి స్విచ్ వేయండి. సిరీస్ బల్బు వెలగకూడదు. వెలిగిందంటే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలోనో, వైరింగ్‌లోనో షార్ట్ ఉంది. మెయిన్స్ వోల్టేజీ ఎంచుకునే చోటు ఉంటే మీ ఇంటి సప్లైకి దగ్గరగా, పైవైపు అంకెకి మార్చండి. తర్వాత వాల్వులు పెట్టి మళ్లీ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి, మందగించి, రెక్టిఫయర్ వేడెక్కాక ఇంకాస్త పెరిగి అక్కడ నిలవాలి. పూర్తి వెలుగులో ఉండిపోతే వెంటనే ఆపేయండి. బాగుంటే బల్బు తీసేసి నేరుగా ఇవ్వండి, మధ్యలో ఒక ఫ్యూజు మాత్రం ఉండాలి. చాలా పాత సెట్లలో అసలు ఫ్యూజే ఉండదు.

మొదటి పావుగంట రేడియో ముందునుంచి లేవకండి. ఈఎల్84 సెట్టయితే 2వ కాలు (గ్రిడ్) దగ్గర సున్నా, 3వ కాలు (కేథోడ్) దగ్గర 7 వోల్టుల చిల్లర ఉండాలి. గ్రిడ్ మీద పాజిటివ్ వోల్టేజీ కనిపిస్తే కండెన్సర్ సంగతో, వాల్వు సంగతో తేలేదాకా ముందుకు పోవద్దు.

హమ్మింగ్ తప్ప ఏమీ వినిపించకపోతే కంగారు పడకండి. ఏసీ సెట్టులో, ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్ కొసతో వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలుని తాకండి. వేలు లోహం అంచుకి దగ్గరగా ఉంచితే గుర్ర్‌మనాలి (ఏసీ/డీసీ సెట్టు మీద ఈ ప్రయోగం ససేమిరా వద్దు). గుర్రుమంటే సౌండు విభాగం బాగుంది, లోపం అంతకు ముందు ఉంది. ఆసిలేటర్ (రేడియో లోపలే తరంగాన్ని పుట్టించే భాగం) నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి నాకు బాగా ఇష్టమైన చిట్కా ఒకటుంది. పక్కన చిన్న ట్రాన్సిస్టర్ రేడియో పెట్టండి. వాల్వు రేడియో ముల్లు మీడియం వేవ్‌లో 600 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచండి. ఐఎఫ్ (రేడియో ప్రతి స్టేషన్‌నీ మార్చుకునే లోపలి ఫ్రీక్వెన్సీ) 455 అయితే దాని ఆసిలేటర్ 1055 దగ్గర నడుస్తూ ఉండాలి. ట్రాన్సిస్టర్‌ని ఆ చుట్టుపక్కల తిప్పుతూ పోతే ఒకచోట శబ్దం మారుతుంది, స్టేషన్ ఉంటే సన్నగా ఈల వేస్తుంది. వాల్వు రేడియో ముల్లు కదిపితే ఆ ఈల కూడా కదులుతుంది. అది విన్నారంటే ఆసిలేటర్ ఉండే ఈసీహెచ్81 వాల్వు బతికి ఉన్నట్టే. వాల్యూమ్ తిప్పితే గరగర, బ్యాండ్ స్విచ్ తాకితే టపటప అంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. తుప్పు వదిలించే నూనె స్ప్రే కాదు.

స్టేషన్ గట్టిగా వచ్చినప్పుడు మాత్రమే గొంతు చీలిపోతుంటే ఏవీసీ (సౌండు ఎక్కువ తక్కువల్ని తనంతట తానే సర్దే ఏర్పాటు) లైనులో ఉన్న కండెన్సర్ మార్చడం మర్చిపోయారేమో చూడండి. స్పీకర్ కాగితం చిరిగి ఉంటే పల్చటి కాగితం, ఎండాక కూడా మెత్తగా ఉండే జిగురుతో అతికించండి, సరిపోతుంది. మ్యాజిక్ ఐ (స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపే ఆకుపచ్చ కన్ను) మసకగా ఉంటే అది వయసు, చేసేదేం లేదు. పెట్టె సంగతికొస్తే పైనున్న చెక్క పొర కాగితమంత పల్చన, గరుకు కాగితం పెట్టొద్దు. డయల్ తాడు తెగి ఉంటే కొత్తది వేసేముందు పాతది ఏ కప్పీ చుట్టూ ఎన్ని చుట్లు ఉందో బొమ్మ గీసుకోండి. లేకపోతే ముల్లు తిరగాల్సిన దిక్కుకి ఎదురు తిరుగుతుంది. నాకు రెండుసార్లు తిరిగింది.

ఐఎఫ్ డబ్బాల్లోని మరలు కనిపించగానే చేయి దురద పెడుతుంది. ఆపుకోండి. దశాబ్దాల కింద బిగించినవి సాధారణంగా ఇప్పటికీ సరిగ్గానే ఉంటాయి. లోపలి కోరు గట్టిపడిపోయి ఉంటే ఇనప స్క్రూడ్రైవర్ తిప్పగానే విరిగి అందులోనే ఇరుక్కుంటుంది. సిగ్నల్ జనరేటర్ లేకుండా వాటి జోలికి పోవద్దు, ఉన్నా ప్లాస్టిక్ పరికరంతోనే తిప్పాలి.

అన్నీ అయ్యాక మీడియం వేవ్ నిండా బుస్సుమనే చప్పుడే వినిపిస్తే రేడియోని అనుమానించేముందు ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. కిటికీ బయటికి అయిదు నుంచి పది మీటర్ల తీగ వేస్తే తేడా మీకే తెలుస్తుంది. వెనక గ్రామఫోన్ సాకెట్లుంటే ఫోను నుంచి పాట కూడా ఇవ్వొచ్చు, అయితే ట్రాన్స్‌ఫార్మర్ సెట్టులో మాత్రమే. ఏసీ/డీసీ సెట్టుకి ఫోను కలిపితే ఆ ఫోను పట్టుకున్న చేతిలోకే మెయిన్స్ వస్తుంది.

వెనక అట్ట తీసి వాల్వుల నంబర్లు చదివి రాయండి, చాసిస్ కింది భాగం ఫొటో ఒకటి పెట్టండి. నేను చెప్పిన ఆ కండెన్సర్ ఏదో గుర్తు పెట్టి చూపిస్తాను. అప్పటిదాకా ప్లగ్గుకి టేపు చుట్టి ఉంచండి, ఇంట్లో ఇంకెవరికైనా "ఒక్కసారి చూద్దాం" అనిపించొచ్చు.